బావ ఇచ్చిన రెండడుగుల రాడ్ మన కాలవకి పనికొస్తుందా? కొత్తగా గాలం పట్టేవాడు ఏం కొనాలి?

లొల్ల_కొత్తగాలం · 24 ఏప్రిల్, రాత్రి 9:10

నమస్కారమండి. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గాని రాయలేదు. మాది ఆత్రేయపురం పక్కన. చిన్నప్పుడు తాతయ్య పక్కన కూర్చుని కాలవలో పరిగెలు పట్టడం తప్ప గాలం గురించి నాకేమీ తెలియదు.

సంక్రాంతికి మా బావ మిన్నెసోటా నుంచి వచ్చి ఒక రాడ్, రీల్ ఇచ్చి వెళ్లాడు. పెట్టె విప్పితే రాడ్ మొత్తం పొడవు 28 అంగుళాలు! మావాడు బొమ్మ అనుకుని పట్టుకుపోయాడు. ఫోన్ చేసి అడిగితే, గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పట్టే రాడ్ అట. మనకి ఐస్ అంటే చేపల పెట్టెలో వేసేదే కదండీ.

దీన్ని మన కాలవలో వాడొచ్చా? లేదంటే 3,000 రూపాయల్లో ఏం కొనుక్కోవాలి? ఆన్‌లైన్‌లో "130 వస్తువుల కిట్" అని ఒకటి కనిపిస్తోంది. నొక్కేద్దామని చెయ్యి దురదగా ఉంది.

బెండు_బాబాయ్ · 24 ఏప్రిల్, రాత్రి 9:42

ఆ చెయ్యి కాసేపు జేబులో పెట్టుకోండి. 130 వస్తువుల్లో 120 మీరు జన్మలో వాడరు. ముందు రెండు సంగతులు చెప్పండి. ఏ గట్టు మీద కూర్చుంటారు? ఏ చేప కావాలి? పరిగెలకీ జెల్లలకీ ఒక సామాను, కొర్రమీనుకి ఒకటి, యానాం వైపు ఉప్పునీళ్లలో పండుగప్పకి ఇంకొకటి. ఇవి తేలకుండా కొట్టుకెళ్తే కొట్టువాడు ఏది చూపిస్తే అది కొంటారు.

ఇంకోమాట. ఇప్పుడు కొన్నా వాడేదెక్కడ? రేపో మాపో కాలవలకి నీళ్లు ఆపేస్తారు. మళ్లీ ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలేది జూన్‌లో. నెల పైనే టైముంది, తొందరేమీ లేదు.

లొల్ల_కొత్తగాలం · 24 ఏప్రిల్, రాత్రి 9:55

గట్టు అంటే మా ఇంటి వెనక కాలవే బాబాయ్ గారూ. వెడల్పు ఓ ముప్పై అడుగులు ఉంటుంది. ఒక పక్క గుర్రపుడెక్క, ఇంకో పక్క రేవు మెట్లు, మధ్యలో పొలాల్లోకి వెళ్లే చెక్క వంతెన. చేప అంటే ఏదైనా ఫరవాలేదు, మావాడికి సరదా తీరాలి. నాకు మాత్రం కొర్రమీను మీద మనసుంది.

లాకులగట్టు · 24 ఏప్రిల్, రాత్రి 10:20

అందరి మనసూ కొర్రమీను మీదే అన్నా. 😄

నేను మొదట్లో చేసిన తప్పు చెప్తా, మీరు చేయకండి. రాడ్ మీద డబ్బంతా పెట్టి రీల్ చవకది తెచ్చాను. రెండో నెలకి హ్యాండిల్ గరగర. పైగా దారం ఎంత మందం కావాలో తెలియక అర మిల్లీమీటరు నైలాన్ చుట్టించా. అది తీగలా ముడుచుకుని నిలబడేది, ఎర పది అడుగుల అవతల పడేది కాదు.

మీ బడ్జెట్‌లో ఇలా చూడండి. ఏడడుగుల స్పిన్నింగ్ రాడ్, రెండు ముక్కలది, మీద "మీడియం" అని రాసి ఉండాలి. రేడియో ఏరియల్‌లా ఒకదానిలో ఒకటి దూరిపోయే టెలిస్కోపిక్ రాడ్లు బైక్ మీద తీసుకెళ్లడానికి సుఖమే గాని, చవకవాటిలో కీళ్ల దగ్గర విరిగేవి ఎక్కువ. రీల్ మీద 2500 గాని 3000 గాని అంకె ఉన్నది తీసుకోండి. ఆ అంకె సైజు, ధర కాదు. దారం మామూలు నైలాన్, 0.28 లేదా 0.30 మిల్లీమీటర్లు.

కొట్టులో రీల్ చేతికి తీసుకుని హ్యాండిల్ తిప్పి చూడండి. తర్వాత ముందున్న మరని బిగించి, దారం చేత్తో లాగండి. ఉన్నట్టుండి జర్కులు ఇవ్వకుండా జారుతూ వదలాలి. దాన్నే డ్రాగ్ అంటారు. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా రీల్ తనంతట తానే వదిలే ఏర్పాటు అది. బేరింగులు ఎన్ని ఉన్నాయని పెట్టె మీద రాసిన దానికంటే ఇది ముఖ్యం.

బెండు_బాబాయ్ · 25 ఏప్రిల్, ఉదయం 5:50

లాకులగట్టు తమ్ముడు చెప్పింది బాగానే ఉంది గాని, ఇంటి వెనక కాలవకి అంత హంగామా దేనికి? పన్నెండడుగుల వెదురు గెడ, నీడలో ఆరింది, చివర సన్నగా వంగేది చూసుకోండి. గెడ ఎంత పొడవో దారం అంతే, ఇంకో జానెడు తక్కువైనా నయమే. జీలుగ బెండు మీరే చెక్కుకోవచ్చు. నడుమ గాటున్న చిన్న సీసం గుండ్లు రెండు. మొత్తం మూడు వందలు దాటదు. మీ అబ్బాయి చేతికి మొదట ఇవ్వాల్సింది ఇదే. రీల్ ఇస్తే వాడు రోజంతా చిక్కులు విప్పుతూ కూర్చుంటాడు.

గాలాల నంబర్ల దగ్గర కొత్తవాళ్లందరూ బోల్తా పడతారు. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. 10 అంటే చిన్నది, 4 అంటే దానికంటే పెద్దది, 1 ఇంకా పెద్దది. అక్కడి నుంచి లెక్క తిరగబడుతుంది. 1/0, 2/0, 3/0 అని పక్కన సున్నా ఉంటే అంకెతోపాటు గాలమూ పెరుగుతుంది. పరిగెలకి 10 లేదా 12. జెల్లలకి 6, 8. కొర్రమీనుకి 1/0 నుంచి పైకి. "పెద్ద గాలానికి పెద్ద చేప" అనుకుని 3/0 వేసి పరిగెల గుంపులో కూర్చుంటే, ఎర్రని, అదే వానపాముని, తీరిగ్గా కొరుక్కు తిని పోతాయి.

ఆ సీసం గుండ్లు పళ్లతో నొక్కకండి. మా కాలంలో అందరం అలాగే చేశాం, తప్పే. సీసం విషం. ప్లయరుతో నొక్కి, చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినండి.

వంటింటి_గోదారి · 25 ఏప్రిల్, ఉదయం 10:15

నేను గాలం వేయను గాని గాలం వేసేవాడి భార్యని, కాబట్టి నాకూ హక్కుంది. మా ఇంట్లో అటక మీద మూడు రాడ్లు, నాలుగు రీళ్లు ఉన్నాయి. చేపలు మాత్రం బజారు నుంచే వస్తాయి.

తమ్ముడూ, కొనే లిస్టులో మొదటిది మూత గట్టిగా పట్టే డబ్బా అని రాసుకో. గాలాలు చొక్కా జేబులో వేసుకొచ్చి అలాగే వాషింగ్ మెషీన్‌లో పడేశారు మా ఆయన. నా చీరకి పట్టిన గాలం తీయడానికి అరగంట. పిల్లాడున్న ఇల్లు కదా, వాడిన గాలం వాడినట్టే లెక్కపెట్టి డబ్బాలో వేయాలి.

డులూత్_నరసాపురం · 25 ఏప్రిల్, మధ్యాహ్నం 12:30

ఈ చర్చ చూసి నవ్వాగలేదు. మాది నరసాపురం, ఇప్పుడుండేది మిన్నెసోటాలో డులూత్. మీ బావగారిచ్చిన రాడ్ లాంటివి నా దగ్గర రెండున్నాయి.

అది పొట్టిగా ఎందుకుంటుందంటే, ఇక్కడ ఎర దూరం విసిరే పనే లేదు. మంచులో ఆగర్ అనే పెద్ద బర్మాతో ఎనిమిది అంగుళాల కన్నం పెట్టి, దాని పక్కనే బకెట్ బోర్లించి కూర్చుంటాం. ఎర తిన్నగా కాళ్ల కిందకి దిగుతుంది. పొడవు రాడ్ ఉంటే కన్నానికి నాలుగడుగుల అవతల కూర్చోవాలి, గుడారంలో అయితే రాడ్ గుడ్డకి తగులుతుంది. అందుకే రెండు నుంచి మూడడుగులు. కొసన సన్నగా ఉండేది ఇక్కడి చేపలు చలికి మెల్లగా, ముద్దు పెట్టినట్టు కొరుకుతాయి కాబట్టి. దారం వెళ్లే రింగులు పెద్దవిగా ఉన్నాయా? తడి దారం మీద నీళ్లు గడ్డకట్టి రింగులు పూడిపోకుండా అలా పెడతారు.

నేను వచ్చిన మొదటి చలికాలం మీకంటే ఘోరం. మోటారు ఆగర్, చేపలు కనిపించే సోనార్, గుడారం, బూట్లు అన్నీ ఒకేసారి కొనేశా. ఆ ఏడాది వెళ్లింది నాలుగుసార్లు. పక్కనున్న పెద్దాయన చేత్తో తిప్పే ఆగర్, ఒక బకెట్, ఒక రాడ్‌తో వచ్చి నా ముందే వరసగా పట్టాడు. ఆయన ముందు కొనమన్నది రాడ్ కాదు. మంచులో పడితే గుచ్చి పైకి పాకడానికి మెడలో వేసుకునే రెండు మేకుల జత. తర్వాత మంచు మందం కొలిచే బద్ద. నడిచి వెళ్లాలంటే తేట మంచు కనీసం నాలుగు అంగుళాలు ఉండాలి. లైసెన్సు సరేసరి.

మీ రాడ్ పారేయకండి. గట్టు మీద నుంచి పనికిరాదు. చెక్క వంతెన అన్నారే, దాని మీద నుంచి తిన్నగా కిందకి దించితే అచ్చం మంచు మీద కూర్చున్నట్టే.

లాకులగట్టు · 25 ఏప్రిల్, మధ్యాహ్నం 1:05

వంతెన ఐడియా అదిరింది. పడవలో కూర్చుని వేసేవాళ్లకీ పొట్టి రాడ్డే సుఖం.

పదకొండు_కేవీ · 25 ఏప్రిల్, సాయంత్రం 6:40

నేను కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగిని. రాడ్ కొనేవాళ్లందరికీ ఒక మాట. ఇప్పుడొచ్చే రాడ్లలో చాలావరకు కార్బన్‌వి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన కాలవగట్ల మీద, రొయ్యల చెరువుల పక్కన 11 కేవీ తీగలు ఎలా వేలాడుతుంటాయో మీకే తెలుసు. ఏడడుగుల రాడ్ తల మీదుగా ఎత్తి విసిరితే దాని కొస చాలా ఎత్తుకి వెళ్తుంది. తీగకి తగలక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా చాలు. తడి వెదురు కూడా నమ్మదగింది కాదు. కూర్చునే ముందు ఒకసారి పైకి చూడండి, అంతే. మబ్బు ఉరిమితే రాడ్ కింద పెట్టేయండి.

బెండు_బాబాయ్ · 25 ఏప్రిల్, సాయంత్రం 7:00

బాబూ, నిండు నూరేళ్లు. నలభై ఏళ్లుగా గాలం వేస్తున్నా, నాకిది ఎవరూ చెప్పలేదు.

లంక_77 · 26 ఏప్రిల్, ఉదయం 8:20

మధ్యలో వస్తున్నా, పులసకి ఏ నంబరు గాలం వాడాలి? ఈ ఏడు వరదకి నేనే పట్టాలని.

యానాం_పోటు · 26 ఏప్రిల్, ఉదయం 9:00

పులసకి గాలం నంబరు సున్నా అండి, అంటే లేదు. 😀 సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుకుంటూ వచ్చే ఆ చేప నీళ్లలోని కంటికి ఆనని జీవాల్ని మొప్పలతో వడగట్టుకుని తినే రకం. ఎర్రా, రొయ్యా దానికెందుకు? వలకి పడాల్సిందే. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గాని, గాలం వేసి తినమనలేదు.

వరదలో ఏటి ఒడ్డుకి అసలు వెళ్లకండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. దానికి ముందే లంకల్లో ఒడ్డు కోసుకుపోతుంటుంది. గట్టిగా కనిపించే నేల కాళ్ల కింద నుంచే జారుతుంది.

కొత్తగాలం గారికి నా మాట. ఎప్పుడైనా మా వైపు వచ్చి గౌతమి పాయలో వేస్తే, ఇంటికెళ్లగానే రీల్‌ని మంచినీళ్లతో మెల్లగా కడిగి తుడవండి. ఒక్క రాత్రి ఉప్పుతో వదిలేస్తే బెయిల్ తీగ (దారాన్ని పట్టి రీల్ మీద చుట్టే కమ్మీ) దగ్గర తుప్పు మొదలవుతుంది. నా మొదటి రీల్ అలాగే పోయింది, తప్పు నాదే. అలాగే కోరింగ అభయారణ్యం మడల్లోకి రాడ్ పట్టుకుని దూరకండి. ఊళ్లలో పంచాయతీ చెరువులైతే వేలం పాడుకున్నవాళ్లవి, అడక్కుండా వేస్తే గొడవలు.

లొల్ల_కొత్తగాలం · 11 మే, రాత్రి 8:30

ఇన్ని మంచి మాటలు చెప్పాక కూడా నేను వెధవ పని చేశానండి. పోన్లే అని ఒక ఆన్‌లైన్ దుకాణంలో రాడ్, రీల్ కలిపి 1,900కి తెప్పించా. దానితోపాటు అల్లిన దారం, అదే బ్రెయిడ్, పచ్చ రంగుది వచ్చింది. కాలవ ఎండిపోయింది కదా, మేడ మీద నుంచి కొబ్బరితోటలోకి విసిరి ప్రాక్టీస్ చేద్దామనుకున్నా. మూడోసారికి రీల్ మీద పిచ్చుకగూడు. రాత్రి పదకొండు దాకా విప్పి, ఆఖరికి కత్తెర తెచ్చా. రీల్ చెడ్డదా, నేనా?

లాకులగట్టు · 11 మే, రాత్రి 9:05

మీరే అన్నా, ఏమీ అనుకోకండి. మూడు కారణాలుంటాయి. ఒకటి, స్పూల్, అంటే రీల్‌లో దారం చుట్టే చక్రం, నిండుగా అంచుదాకా చుట్టి ఉంటారు. అంచుకి మూడు మిల్లీమీటర్లు లోపలే ఆపాలి. రెండు, చుట్టేటప్పుడు వదులుగా చుట్టి ఉంటారు. దారాన్ని తడి గుడ్డతో రెండు వేళ్ల మధ్య నొక్కి పట్టుకుని బిగువుగా చుట్టాలి. మూడు, విసిరాక హ్యాండిల్ తిప్పి బెయిల్ మూస్తున్నారు. చేత్తో మూసి, వదులు దారం ఒకసారి లాగి, అప్పుడు తిప్పండి. ఈ మూడోది అలవాటైతే సగం చిక్కులు పోతాయి.

బ్రెయిడ్ పక్కన పెట్టండి. అది గుర్రపుడెక్కలో కొర్రమీనుకి మంచిది, సాగదు, ఆకుల్ని కోసుకుంటూ వస్తుంది. కానీ జోరుగా పోయేటప్పుడు వేలినీ కోస్తుంది. మొదటి సీజను నైలాన్‌తో కానివ్వండి. సాగుతుంది కాబట్టి మన తొందరపాటుని అది కాస్తుంది.

బెండు_బాబాయ్ · 12 మే, ఉదయం 5:40

ముడి ఎలా వేస్తున్నారు? గాలం కంట్లోంచి దారం తీసి, దాని చుట్టూ అదే దారాన్ని ఐదారు మెలికలు తిప్పి, గాలం దగ్గరున్న చిన్న కంతలోంచి కొస బయటికి తేవాలి. లాగేముందు ఉమ్మితో తడపండి. పొడిగా లాగితే నైలాన్ రాపిడికి వేడెక్కి అక్కడే బలహీనపడుతుంది. పెద్ద చేప తెంపుకుపోయిందని చెప్పేవాళ్లలో సగంమందికి తెగింది దారం కాదు, ముడి.

లొల్ల_కొత్తగాలం · 29 జూన్, రాత్రి 9:20

నీళ్లొచ్చాయండి! పదిరోజుల నుంచి పొద్దున్నే కాలవ మీదే ఉంటున్నాం.

లెక్క చెప్పేస్తా. మావాడికి బాబాయ్ గారి వెదురు గెడ, 10వ నంబరు గాలం. రావులపాలెంలో ఒక వల సామాను కొట్టులో గాలాలు, గుండ్లు, నైలాన్ అన్నీ కలిపి 220 అయింది. వాడు మొదటి రోజే పదిహేడు పరిగెలు పట్టాడు. నేను ఏడడుగుల రాడ్ పట్టుకుని మూడు రోజులకి ఒక మట్టగుడస. వాడి ముందు నా పరువు పోయింది.

కొర్రమీను మాత్రం దక్కలేదు. రేవు అవతల గుర్రపుడెక్క అంచున గాలి గుటక వేయడానికి అది పైకి రావడం రెండుసార్లు చూశా. కప్ప ఆకారం రబ్బరు ఎర విసిరితే పట్టింది కూడా. నేను వెంటనే లాగేశా, ఎర నా మొహం మీదకొచ్చింది.

లాకులగట్టు · 29 జూన్, రాత్రి 9:45

నోట్లో పెట్టుకుని కిందకి తిరిగేదాకా ఆగాలి. ఒకటి, రెండు అని లెక్కపెట్టి అప్పుడు లాగండి. నాకు ఆ రెండు అంకెలు నేర్చుకోవడానికి ఏడాది పట్టింది.

ఒక్కటి మాత్రం చూసుకోండి. నీళ్ల పైన ఎర్రగా చిన్న పిల్లలు గుంపుగా ఉడుకుతున్నట్టు తిరుగుతుంటే అవి కొర్రమీను పిల్లలే. తల్లీతండ్రీ కిందే కాపలా ఉంటాయి, ఏం విసిరినా కోపంతో పట్టేస్తాయి. అప్పుడు పట్టడం వేట కాదు. వాటిని పట్టుకుంటే ఆ గుంపుని మిగతా చేపలు గంటలో తినేస్తాయి. వదిలేయండి.

డులూత్_నరసాపురం · 30 జూన్, ఉదయం 7:10

మన మంచు రాడ్ సంగతేంటి?

లొల్ల_కొత్తగాలం · 6 జూలై, సాయంత్రం 6:15

అదే చెప్దామని వచ్చా. నిన్న చెక్క వంతెన మధ్యలో బకెట్ బోర్లించి కూర్చుని, ఎర్ర గుచ్చి కిందకి దించా. తేలిక దారం కదా, పారే నీటికి ఎర కొట్టుకుపోతుంటే రెండు గుండ్లు ఎక్కువ వేశా. పది నిమిషాలకి రాడ్ కొస వణికింది. పెద్ద రాడ్‌లో నాకు ఎప్పుడూ తెలియని వణుకు అది, చేప ఎర్రని నములుతున్నట్టు చేతికి తెలిసిపోతోంది. గంటన్నరలో ఆరు జెల్లలు! పక్కూరి పిల్లలు చుట్టూ చేరి "బాబాయ్, మిగతా రాడ్ ఏది?" అని అడిగారు.

బావకి వీడియో కాల్ చేశా. "అరే, ఐస్ ఏదిరా?" అన్నాడు. థర్మోకోల్ పెట్టె మూత తీసి చేపల మీదున్న ఐస్ చూపించా.

వంటింటి_గోదారి · 6 జూలై, సాయంత్రం 7:30

ఆరు జెల్లలకి పెట్టెడు ఐసా! ఫొటోలో నీ కుడి చెయ్యి వెనక్కి ఎందుకు పెట్టుకున్నావు తమ్ముడూ?

బెండు_బాబాయ్ · 6 జూలై, సాయంత్రం 7:50

నాకూ అదే అనుమానం. జెల్ల రెక్కల దగ్గర ముళ్లుంటాయి, గాలం తీసేటప్పుడు ప్లయరు వాడారా, చేత్తో పట్టుకున్నారా?

లొల్ల_కొత్తగాలం · 6 జూలై, రాత్రి 8:05

చేత్తోనే బాబాయ్. బొటనవేలు బూరెలా ఉంది. వేడినీళ్లలో ముంచి కూర్చున్నా, ఎడం చేత్తో టైపు చేస్తున్నా.

యానాం_పోటు · 6 జూలై, రాత్రి 8:20

వేడినీళ్లు సరైన పనే, ఓర్చుకోగలిగినంత వేడిగా, కాలకుండా చూసుకోండి. ముల్లు ముక్క లోపల ఉండిపోయిందేమో చూపించుకుని, ధనుర్వాతం ఇంజెక్షను వేయించుకోండి. జెల్లతోనే ఇలా ఉంటే, ఇంగిలాయి పడిన రోజు చెప్తారు సంగతి. ముక్కు సన్నగా ఉండే ప్లయరు 150కి వస్తుంది, రేపే కొనండి.